ముందు తగ్గించాల్సింది టెక్స్చర్లు కాదు

ప్రశ్న: 1440పీ మానిటర్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు వాడుతున్నాను. ఈ మధ్య మొదలుపెట్టిన గేమ్ అల్ట్రాలో 42 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) దగ్గరే ఆగిపోతోంది. మీడియంలో 80 వస్తోంది గానీ బొమ్మలో కళ పోతోంది. 60 వస్తూ, చూడ్డానికీ బాగుండాలంటే ఏవి తగ్గించాలి?

జవాబు: ప్రీసెట్‌ను పక్కన పెట్టి ఒక్కో సెట్టింగునూ విడిగా చూడాల్సిందే. అల్ట్రా, మీడియం అనేవి సెట్టింగులన్నిటినీ గంపగుత్తగా మార్చేస్తాయి. వాటిలో కొన్ని కార్డును పీల్చి పిప్పి చేస్తాయి, కొన్నింటికి దాదాపు ఖర్చే ఉండదు. మీడియంకి దించినప్పుడు ఆ ఖర్చు లేనివి కూడా పడిపోతాయి. మీ బొమ్మలో కళ తగ్గింది ఎక్కువగా అందువల్లే.

లెక్క ఎఫ్‌పీఎస్‌లో కాకుండా మిల్లీసెకండ్లలో వేసుకోండి. 42 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేముకు 23.8 మిల్లీసెకండ్లు పడుతోందని అర్థం. 60 రావాలంటే 16.7లో పని ముగియాలి. అంటే మీరు మిగల్చాల్సింది సుమారు 7 మిల్లీసెకండ్లు. ఎఫ్‌పీఎస్ అంకె ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది: 90 నుంచి 100కి వెళ్లడానికి 1.1 మిల్లీసెకండ్లు మిగిలితే చాలు, 30 నుంచి 40కి వెళ్లాలంటే 8.3 మిగలాలి. పెరిగింది రెండుచోట్లా పదే.

గేమ్‌లో అన్నిటికన్నా బరువైన చోటుకు వెళ్లండి. దట్టమైన చెట్లు, పొగమంచు, నీళ్లు, జనం ఉంటే మంచిది. అక్కడ సేవ్ చేసి, కెమెరాను కదపకుండా నిలబడండి. గ్రాఫిక్స్ కార్డును గమనించే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే రివాట్యూనర్‌లో ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం) గ్రాఫ్ తెర మీదకు తెచ్చుకోండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చి, అంకె స్థిరపడ్డాక రాసుకోండి. మూడు నాలుగు కలిపి మారిస్తే ఏది ఎంత ఇచ్చిందో తేలదు.

రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టే పద్ధతి) ఆన్‌లో ఉంటే ముందు అది ఆపి చూడండి. తర్వాత వాల్యూమెట్రిక్ ఫాగ్ (గాలిలో మందంగా పరుచుకున్నట్టు గీసే పొగమంచు), మేఘాలు. వీటిని అల్ట్రా నుంచి హైకి దించితే ఆడేటప్పుడు తేడా పట్టుకోవడం కష్టం, మిగిలే సమయం మాత్రం బాగానే ఉంటుంది. ఆ తర్వాత షాడోలు. నీడలను గేమ్ ముందుగా షాడో మ్యాప్ అనే చతురస్రంలో గీసుకుంటుంది. ఆ మ్యాప్ 2048 × 2048 నుంచి 4096 × 4096కి పెరిగితే పిక్సెళ్లు నాలుగింతలవుతాయి, కంటికి దక్కేది మాత్రం అంచు కొంచెం పదునెక్కడమే. షాడోలను హైలో ఉంచండి, మరీ అవసరమైతే మీడియం. అంతకన్నా దించితే నీడల అంచులు మెట్లుమెట్లుగా కనిపించి చిరాకు పెడతాయి. రిఫ్లెక్షన్లు, యాంబియంట్ అక్లూజన్ (మూలల్లో, వస్తువులు ఆనే చోట పడే మెత్తని నీడ) ఒక్కో మెట్టు దించొచ్చు. అక్లూజన్‌ను పూర్తిగా ఆపకండి, వస్తువులు నేల మీద ఆనకుండా తేలుతున్నట్టుంటాయి.

ముట్టుకోకూడనివి రెండు. అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ (ఏటవాలుగా కనిపించే నేల, రోడ్డు లాంటివాటిని తేటగా ఉంచేది) 16ఎక్స్‌లోనే ఉంచండి. ఈనాటి విడి గ్రాఫిక్స్ కార్డులకు అది లెక్కలోకి రాదు, తగ్గిస్తే దూరంగా పోయే రోడ్డు అలుక్కుపోతుంది. రెండోది టెక్స్చర్లు, అంటే వస్తువుల మీద పరిచే బొమ్మలు. కార్డు మెమరీలో పట్టినంత వరకూ వాటివల్ల వేగం పెద్దగా తగ్గదు. పట్టకపోతే మాత్రం ఆ డేటా మామూలు ర్యామ్ నుంచి పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో రావాలి, ఆ దారి కార్డు సొంత మెమరీ కన్నా చాలా నెమ్మది. కెమెరా గబుక్కున తిప్పినప్పుడు కుదుపు రావడం, గోడలు కాసేపు మసకగా ఉండి తర్వాత తేటపడడం దాని గుర్తులు. 8 జీబీ కార్డులో కొత్త గేమ్‌లకు ఈ ఇబ్బంది రావొచ్చు. అప్పుడు టెక్స్చర్లు ఒక్క మెట్టు దించి, గేమ్‌ను మూసి మళ్లీ తెరవండి. మెమరీ అంకె నిండుగా కనిపించినంత మాత్రాన కంగారుపడకండి, చాలా గేమ్‌లు ఖాళీ మెమరీని ముందే పట్టి ఉంచుకుంటాయి. కుదుపులు ఉంటేనే చర్య.

ఇంత చేసినా ఇంకా రెండు మూడు మిల్లీసెకండ్లు కావాలంటే డీఎల్‌ఎస్‌ఎస్ గానీ ఎఫ్‌ఎస్‌ఆర్ గానీ క్వాలిటీ మోడ్‌లో పెట్టండి. 1440పీలో, అంటే 2560 × 1440 తెరలో, ఇది లోపల సుమారు 1707 × 960లో గీసి పెద్దది చేస్తుంది, అంటే పిక్సెళ్లు సగం కన్నా తక్కువ. మీ మానిటర్‌కు ఇది మంచి బేరం. 1080పీ మానిటర్‌లో అయితే లోపల గీసేది 1280 × 720 మాత్రమే కాబట్టి ఆకులు, తీగలు, కంచెల దగ్గర మెరమెరలు కనిపిస్తాయి.

ప్రశ్న: సెట్టింగులన్నీ ‘లో’ (అన్నిటికన్నా తక్కువ) స్థాయికి దించినా ఎఫ్‌పీఎస్ 55 దాటడం లేదు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 35 శాతమే ఉంది. మరి అడ్డుపడుతున్నదేమిటి?

జవాబు: చాలావరకు ప్రాసెసరే. 35 శాతం అనేది అన్ని థ్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పనివరుసల) సగటు. 12 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా సగటుకు చేరేది 8 శాతమే. గేమ్ ముఖ్యమైన పని ఆ ఒక్క థ్రెడ్ మీదే ఉంటే మిగతావి ఖాళీగా ఉండి లాభం లేదు. నిర్ధారించుకోవడం తేలిక: రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ కదలకపోతే గ్రాఫిక్స్ కార్డు తప్పు లేదు. కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే కార్డే అడ్డు, 60, 70 దగ్గర ఉంటే కాదు. ఫ్రేమ్ లిమిట్ (ఎఫ్‌పీఎస్‌కు పెట్టిన హద్దు), వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ రిఫ్రెష్‌కు కట్టేసేది) ఆపి చూడాలి, లేకపోతే ఈ పరీక్ష తప్పు చెబుతుంది.

అప్పుడు తగ్గించాల్సినవి వేరు: జన సాంద్రత, డ్రా డిస్టెన్స్ (వస్తువులు కనిపించే దూరం), నీడలు కనిపించే దూరం, ఫిజిక్స్. రే ట్రేసింగ్ కూడా ప్రాసెసర్‌కు పని పెంచుతుంది. ర్యామ్ సంగతీ చూడండి. ఒక్క స్టిక్ మాత్రమే ఉంటే సింగిల్ ఛానెల్‌లో నడుస్తుంది, బ్యాండ్‌విడ్త్ సగమే. రెండు స్టిక్కులుంటే మదర్‌బోర్డు మాన్యువల్ చెప్పిన స్లాట్లలోనే పెట్టాలి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా అవి ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ను అమ్మినప్పుడు చెప్పిన వేగంలో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 3200 అని అమ్మిన డీడీఆర్4 ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే నడుస్తూ ఉండొచ్చు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో స్పీడ్ అంకె చూస్తే తెలిసిపోతుంది.

కార్డు ఖాళీగా ఉంది కాబట్టి ఆ ‘లో’ సెట్టింగులు మీకు అనవసరం. టెక్స్చర్లు, యాంటీ అలియాసింగ్ (అంచుల్లో మెట్లు పోగొట్టేది), రిజల్యూషన్ మళ్లీ పెంచేయండి. 55 ఎఫ్‌పీఎస్‌లోనే మంచి బొమ్మ దక్కుతుంది.

ప్రశ్న: 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. కౌంటర్ 90 చూపిస్తోంది గానీ సాఫీగా లేదు, తెర అడ్డంగా చీలినట్టు కూడా అవుతోంది.

జవాబు: విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో) చూడండి. కొత్త మానిటర్ 60 దగ్గరే ఉండిపోవడం మామూలే. తర్వాత మానిటర్ మెనూలో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్ సింక్ (రిఫ్రెష్‌ను ఫ్రేమ్ రేటుకు తగ్గట్టు మార్చేది), డ్రైవర్‌లో దానికి సరిపోయేది ఆన్ చేయండి. ఫ్రేమ్ రేటును 141 దగ్గర ఆపండి. 144 తాకితే అడాప్టివ్ సింక్ పరిధి దాటిపోతుంది. మీ మానిటర్‌కు ఆ సదుపాయం లేకపోతే వీ-సింక్ పెట్టి 72కి లాక్ చేయండి. ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా రెండు రిఫ్రెష్‌ల పాటు నిలుస్తుంది కాబట్టి, 72కీ 95కీ మధ్య ఊగే ఫ్రేమ్ రేటు కన్నా ఇదే కంటికి హాయిగా ఉంటుంది.

ప్రశ్న: 30 ఎఫ్‌పీఎస్ వస్తోంది. ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కొత్తవి కల్పించే సదుపాయం) పెట్టి 60 చేసుకోవచ్చా?

జవాబు: వద్దు. మధ్య ఫ్రేమ్ తయారు కావాలంటే తర్వాతి అసలు ఫ్రేమ్ వచ్చేదాకా ఆగాలి. 30 దగ్గర ఆ ఫ్రేమ్ రావడానికే 33 మిల్లీసెకండ్లు పడుతుంది, కాబట్టి మౌస్ కదలిక వెనకబడుతుంది. పైగా రెండు అసలు ఫ్రేముల మధ్య తేడా ఎక్కువ కావడంతో కదిలే వస్తువుల అంచులు చెదురుతాయి. ముందు సెట్టింగులు తగ్గించి అసలు ఫ్రేములే 60 దగ్గరికి తెచ్చుకోండి. వేగంగా గురి చూసి కాల్చే పోటీ గేమ్‌లలో అయితే అప్పుడు కూడా ఆపేయడమే మంచిది.