ఎత్తు పెంచిన జిప్సీ రోడ్డు మీద మెత్తగా నడవాలంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. లిఫ్ట్ చేసిన, అంటే ఎత్తు పెంచిన, మారుతి జిప్సీ కొన్నాక నడుము నొప్పి తప్పదని, అడవి దారులు కావాలంటే ఆ మాత్రం ఓర్చుకోవాలని నీకు ఎవరో చెప్పారట. ఆ మాట నమ్మవద్దు. జిప్సీ కొంచెం గట్టి బండే, కాదనను. నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులు), ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), బరువు చూస్తే వెయ్యి కిలోల చుట్టుపక్కల. అయినా కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇంతగా ఎత్తి కుదేసేది కాదు. నీకు అమ్మినాయన ఎత్తు పెంచే తొందరలో, కదలాల్సిన భాగాలను ఒక్కొక్కటిగా కదలకుండా బిగించేశాడు. ఎక్కడెక్కడ కదలిక ఆగిపోయిందో వెతికి విడిపించడమే ఇప్పుడు నీ పని. కొత్త సామాను కొనడం ఆ తర్వాతి మాట.

ముందుగా ఇంటి దగ్గర నాలుగైదు కిలోమీటర్ల దారి ఒకటి ఎంచుకో. అందులో ఒక స్పీడ్ బ్రేకరు, కాస్త గతుకుల రోడ్డు, ఫ్లైఓవర్ మీది అతుకులు ఉండాలి. ఏ మార్పు చేసినా అదే దారిలో, అదే వేగంతో నడిపి చూడు. ఒకసారికి ఒక్క మార్పే. టైర్లు, షాకులు (షాక్ అబ్జార్బర్లు), పట్టీలు అన్నీ ఒకే రోజు మార్పిస్తే దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల చెడిందో ఎవరూ చెప్పలేరు.

మొదటి మార్పుకు ఖర్చు లేదు. నీ బండికి 235/75 ఆర్15 సైజు మడ్ టైర్లు (బురద దారుల టైర్లు) ఉన్నాయి. పంక్చర్ షాపులో అలవాటుగా 35 పాయింట్లు గాలి కొట్టి పంపిస్తారు. అంత పెద్ద టైరులో అంత గాలి ఈ తేలిక బండికి అనవసరం. పొద్దున్నే, బండి కదలకముందు, సొంత గేజితో చూసి 26కి తగ్గించు. టైరు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు వరకు సుద్దముక్కతో గీత గీసి, చదునైన రోడ్డు మీద తిన్నగా కొద్ది దూరం నడుపు. గీత మధ్యలోనే చెరిగిపోతే గాలి ఇంకా ఎక్కువున్నట్టు. అంచులు మాత్రమే చెరిగితే తక్కువైనట్టు. మొత్తం సమంగా చెరిగే చోట ఆగు. నా అంచనా ప్రకారం ఖాళీ బండికి అది 24 దగ్గర తేలుతుంది. హైవే మీద అంతకన్నా కిందికి దించవద్దు, సామానుతో నలుగురు ఎక్కిన రోజు రెండు మూడు పాయింట్లు పెంచు. ఎండలో నడిచి వేడెక్కిన టైరు గేజిలో ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకు.

ఈ టైర్లు అరిగాక మాత్రం మడ్ టైర్లు మళ్లీ వేయించకు. వాటి పక్కగోడలు భారీ బండ్ల కోసం దళసరిగా చేసినవి. బరువైన టైరు గుంటలో పడి లేచినప్పుడు దాన్ని అదుపులో పెట్టడం తేలిక బండికి కష్టం. నువ్వు వెళ్లే వికారాబాద్, అనంతగిరి దారులకు ఆల్ టెరైన్ టైరు (రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చేది) చాలు.

ఇక అసలు సంగతి కమాన్ కట్టలు. ఇక్కడ తొందరపడవద్దు. నీ బండి చిన్న చిన్న అతుకుల మీద దడదడలాడుతోంది, పెద్ద గుంటలో పడితే మాత్రం అంత బాధ లేదు అని రాశావు. అది పట్టీల మధ్య రాపిడికి గుర్తు. కట్ట వంగాలంటే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. తుప్పు పట్టి జారకపోతే చిన్న దెబ్బకు కట్ట మొత్తం ఒకే ఇనుప దిమ్మలా నిలబడిపోతుంది. అప్పుడు ఆ దెబ్బను మింగేది టైరు ఒక్కటే. పెద్ద గుంటలో బలం ఎక్కువ గనక రాపిడిని గెలిచి కట్ట వంగుతుంది.

కట్ట విప్పించి చూడు. ప్రతి పట్టీ కొస దాని పై పట్టీ అడుగుభాగాన్ని కోసి గాడి చేసి ఉంటుంది. గోటితో రాస్తే అంచు తగులుతుంది. వైర్ బ్రష్‌తో తుప్పు మొత్తం పోయేదాకా రుద్దించి, కొసల పదును గ్రైండర్‌తో గుండ్రంగా తీయించి, గ్రాఫైట్ పెయింట్ పూయించు. కొసల దగ్గర పలచటి నైలాన్ ముక్కలు పెట్టిస్తే ఇంకా మంచిది. గ్రీజు మాత్రం వద్దు. మన దుమ్ముకు అది వారం తిరక్కుండా రాపిడి ముద్ద అవుతుంది. గాడి లోతుగా పడిన పట్టీని, సన్నగీతలా పగులు కనిపించిన పట్టీని మళ్లీ వాడనివ్వకు. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు విప్పే ముందు కట్టను క్లాంపులతో గట్టిగా పట్టించాలి. లేకపోతే పట్టీలు ఎగిరి మొహానికి తగులుతాయి. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయించు, కొద్ది రోజులు తిరిగాక ఇంకోసారి బిగించు.

ఎత్తు కోసం ప్రతి కట్టకూ అదనపు పట్టీ ఒకటి వేశారని ఫోటోలో స్పష్టంగా కనిపిస్తోంది. మిగతావాటికన్నా మందంగా కూడా ఉంది. దాన్ని తీయించెయ్యి. పట్టీ బిగువు దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం రెట్టింపయితే బిగువు ఎనిమిది రెట్లు. వెడల్పూ పొడవూ ఒకటే అయినప్పుడు 8 మిల్లీమీటర్ల పట్టీ ఒక్కటి రెండు 6 మిల్లీమీటర్ల పట్టీలకన్నా గట్టిగా ఉంటుంది. ఎత్తు కావాలంటే వంపు ఎక్కువున్న సన్న పట్టీలతో తెచ్చుకోవాలి, మందంతో కాదు. పాత పట్టీలకు వంపు పెట్టించాలంటే చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి వంచే పనివాడి దగ్గరికి వెళ్లు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచేవాడి దగ్గరికి వెళ్లకు. ఉక్కుకు పెట్టిన పదును (టెంపర్) పోయి, కొన్నాళ్లకే కట్ట కూర్చుండిపోతుంది.

షాకిళ్లు, అంటే కట్ట ఒక కొసను చాసిస్‌కు కలిపే కదిలే లింకులు, తర్వాత చూడు. బండి నేల మీద నిలబడి ఉండగా పక్క నుంచి చూస్తే, షాకిల్ అడుగుభాగం కమాన్ కట్ట మధ్యభాగానికి దూరంగా కొద్దిగా వాలి ఉండాలి. కట్ట వంగినప్పుడు పొడవు పెరుగుతుంది, ఆ పొడవుకు షాకిల్ తావివ్వాలి. వంపు మరీ ఎక్కువైతే షాకిల్ లోపలికి తిరిగిపోయి కట్టను సాగనివ్వదు. నీ బండి ముందు షాకిళ్లు ఆ స్థితికి దగ్గరగానే ఉన్నాయి. అదనపు పట్టీ తీశాక మారుతుందేమో చూసి, ఫోటో పంపు. కట్ట కొసల్లోని ఆ ఎర్ర పాలీయూరెథేన్ బుష్‌లు (గట్టి ప్లాస్టిక్ లాంటి తొడుగులు) తీసి కంపెనీ రబ్బరు బుష్‌లు వేయించు. షాకిల్ నట్లు చివరిగా బిగించడం మాత్రం బండి బరువు చక్రాల మీద పడిన తర్వాతే. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది.

షాక్ అబ్జార్బర్లను ఇప్పుడే కొనవద్దు. కట్టలు సరిచేశాకే ఎంత పొడవుది కావాలో తెలుస్తుంది. చాసిస్ కింద స్టాండ్లు పెట్టి చక్రాలను వేలాడనిచ్చి, షాకు కింది బోల్టు విప్పించు. అప్పుడు యాక్సిల్ ఇంకా కిందికి దిగితే, ఇన్నాళ్లూ దాన్ని తాడులా పట్టి ఆపింది ఆ షాకే. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు నీకు వినిపించే ఠప్ శబ్దం అదే. అదే సమయంలో బ్రేకు గొట్టం బిగుసుకుందేమో కూడా చూడు. ఇది మెత్తదనానికి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. పై వైపు కూడా లెక్క సరిపోవాలి. షాకు పూర్తిగా మూసుకునేలోపే యాక్సిల్ చాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరును తాకాలి. కొన్నప్పుడు ఒత్తిడి ఎక్కువున్న మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న) గ్యాస్ షాకుల జోలికి వెళ్లకు. ఈ బరువుకు తక్కువ ఒత్తిడి ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉన్నది) చక్కగా సరిపోతుంది.

హైవే మీద బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ తిరుగుతోందన్నావు. పొడుగు షాకిళ్లు వేసినప్పుడు ముందు యాక్సిల్ తిరిగి క్యాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోవడానికి కారణం అదే. స్టీరింగ్ బాక్సు బిగించి ఇది పోగొడతామని చెప్పేవాడి మాట వినకు. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే షాకు) వేస్తే ఊపు కనపడకుండా పోతుందే తప్ప కారణం పోదు. అసలు పొడవు షాకిళ్లు తిరిగి వేయించు. ఇంకా మిగిలితే యాక్సిల్‌కూ కట్టకూ మధ్య ఒకవైపు మందంగా, మరోవైపు పలచగా ఉండే ఉక్కు ముక్కతో కోణం సరిచేయవచ్చు. ఆ పని అలైన్‌మెంట్ యంత్రం ఉన్న చోటే చేయించు.

ఇవన్నీ చేస్తే బండి కొంత కిందికి దిగుతుంది. దిగనివ్వు. అసలు ఎత్తు మీద రెండు అంగుళాలు చాలు. కట్టలను యాక్సిల్ పైకి మార్చి ఐదంగుళాలు లేపుదామని నీ స్నేహితుడు అంటున్నాడట. వద్దు నాయనా. ఇరుకు బండి, ఘాట్ మలుపుల్లో పల్టీ కొట్టడానికి ఎంతో సమయం పట్టదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన తీరుకు భిన్నంగా బండిని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. ఉంచుకునే రెండంగుళాల గురించి కూడా ఆర్టీఓ ఆఫీసులో, బీమా వాళ్లతో ముందే మాట్లాడుకో. టాప్ మీది ఇనుప క్యారియరు, దాని మీది డబ్బాలు కూడా దించెయ్యి.

మీ అమ్మ ఆ బండి ఎక్కనంటోందని విన్నాను. డ్రైవరు పక్క సీటు ఫోము చేత్తో నొక్కి చూడు. అడుగు రేకు తగిలితే మంచి ఫోముతో కొత్తగా కుట్టించు. దానికి పెట్టే డబ్బు ఖరీదైన షాకులకన్నా ముందు ఫలితమిస్తుంది.

వచ్చే ఆదివారంలోగా ఈ కొలతలు పంపు: నాలుగు చక్రాల దగ్గరా హబ్బు మధ్య నుంచి ఫెండరు అంచు దాకా ఎత్తు, ప్రతి పట్టీ మందం, షాకు పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా పొడవు. బండి చదునైన చోట నిలబడి ఉండాలి, ట్యాంకు సగం నిండి ఉండాలి. అవి చూసి ఏ పట్టీ ఉంచాలో, ఏది తీయాలో రాస్తాను. విజయవాడ ఆటోనగర్‌లో కంపెనీ కట్టలు దొరికితే ఇక్కడి నుంచే పంపిస్తాను.

ఇట్లు
మామయ్య