టేబుల్ పాస్‌వర్డ్‌ను ప్రోగ్రాంలోనే దాచవచ్చా?

మిర్యాలగూడలో వడ్లు కొనే ఒక మిల్లుకు ప్రోగ్రాం రాశానని, రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లున్న టేబుల్‌కు పాస్‌వర్డ్ పెట్టానని, దాన్ని ప్రోగ్రాం కోడ్‌లోనే ఎవరికీ అర్థం కాకుండా రాసి ఉంచితే సరిపోతుందా అని మీరు అడిగారు. చాలదు. నల్లగొండ జిల్లాలో మిల్లులకు, ఎరువుల దుకాణాలకు ఇలాంటి ప్రోగ్రాంలే చూసుకుంటున్నాను కాబట్టి కారణాలు వివరంగా చెబుతాను.

మీ ప్రోగ్రాం ఫైలును ఒకసారి హెక్స్ ఎడిటర్‌లో, అంటే ఫైలులోని బైట్లను ఉన్నవి ఉన్నట్లు చూపే సాధనంలో, తెరిచి చూడండి. అర్థం లేని గుర్తుల నడుమ డేటాబేస్ కనెక్షన్ వివరాలు, వాటి పక్కనే మీరు పెట్టిన పాస్‌వర్డ్ చాలాసార్లు అక్షరం తేడా లేకుండా కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో రాసినదైతే, తయారైన ప్రోగ్రాంను తిరిగి కోడ్‌గా మార్చే డీకంపైలర్ దాదాపు మీ కోడ్ మొత్తాన్నీ తిరిగి ఇస్తుంది. అక్షరాలను తారుమారు చేసి దాచినా, వాటిని సరిచేసే పద్ధతి కూడా అదే ప్రోగ్రాంలో ఉండక తప్పదు కనుక, ప్రోగ్రాం దొరికిన వారికి పాస్‌వర్డ్ కూడా దొరికినట్లే.

పాస్‌వర్డ్ పెట్టినంత మాత్రాన టేబుల్ ఎన్‌క్రిప్ట్ అయిందని, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారిందని కూడా అనుకోవద్దు. యాక్సెస్ 97 కాలపు పాత ఎండీబీ డేటాబేస్ ఫైళ్లలో పాస్‌వర్డ్ ఫైలు మొదటి భాగంలోనే, అందరికీ తెలిసిన స్థిరమైన బైట్లతో ఎక్సార్ చేసి (తేలికగా వెనక్కి తిప్పగలిగేలా కలిపి) ఉండేది. లోపలి సమాచారం మాత్రం ఉన్నది ఉన్నట్లుగానే ఉండేది. మీ డేటాబేస్ ఎస్‌క్యూలైట్ అయితే పరీక్షించడం సులభం. మామూలు ఫైలులో మొదటి 16 బైట్లలో ‘ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3’ అని ఇంగ్లీషులో చదవగలిగేలా ఉంటుంది. ఎస్‌క్యూలైట్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ఎస్‌క్యూఎల్‌సైఫర్‌ను వాడితే ఆ చోట యాదృచ్ఛికమైన సాల్ట్ (పాస్‌వర్డ్‌కు కలిపే అదనపు బైట్లు) ఉంటుంది. దాని 4వ వెర్షన్ మీ పాస్‌వర్డ్‌ను పీబీకేడీఎఫ్2 అనే, పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేసే పద్ధతిలో 2,56,000 సార్లు తిప్పి, వచ్చిన కీతో ఫైలులోని ప్రతి పేజీని 256 బిట్ల ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌తో మారుస్తుంది.

గుమస్తాలు లాగిన్ అయ్యే పాస్‌వర్డ్‌ల సంగతి వేరు. వాటిని సరిచూడడమే తప్ప తిరిగి చదవవలసిన అవసరం ఎవరికీ లేదు కనుక ఎన్‌క్రిప్ట్ చేయకూడదు; ఒక్కొక్కరికి వేరే సాల్ట్ కలిపి, ఆర్గాన్2 లేదా బీక్రిప్ట్ వంటి నిదానంగా నడిచే హ్యాష్‌గా, అంటే వెనక్కి మార్చలేని గుర్తుగా దాచాలి. 2013లో అడోబ్ సంస్థ నుంచి బయటపడ్డ పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ చేసినవే, కానీ అన్నింటికీ ఒకే కీ వాడడం వల్ల ఒకే పాస్‌వర్డ్ ఉన్నవారందరికీ ఒకే ఫలితం వచ్చింది, పక్కనే మామూలు అక్షరాల్లో ఉన్న సూచనలు చదివి జనం వాటిని ఊహించగలిగారు.

ఆధార్ నంబరు దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. రైతును నంబరుతో వెతకడానికి వీలుగా ఆధార్‌ను ఎస్‌హెచ్‌ఏ-256 అనే వేగంగా నడిచే మామూలు హ్యాష్‌గా దాచేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆధార్‌లో 12 అంకెలున్నా మొదటిది 0 గానీ 1 గానీ కాదు, చివరిది మిగిలిన అంకెల నుంచి లెక్కగట్టేది. అంటే సాధ్యమయ్యే నంబర్లు 8,000 కోట్లే. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వందల కోట్ల హ్యాష్‌లు చేస్తుంది కనుక, ప్రతి నంబరుకూ హ్యాష్ కట్టి పోల్చుతూ మొత్తం జాబితాను నిమిషాల్లో బయటికి తీయవచ్చు. అందుకే నంబరును ఎన్‌క్రిప్ట్ చేసి ఒక గడిలో, వెతకడానికి విడి రహస్య కీ కలిపి చేసిన హ్యాష్‌ను (హెచ్‌మ్యాక్) మరో గడిలో ఉంచండి. తక్‌పట్టీ (రైతుకిచ్చే కొనుగోలు చీటీ) మీద ముద్రించడానికి చివరి నాలుగు అంకెలు చాలు.

ఇక కీ ఎక్కడుండాలన్నదే అసలు ప్రశ్న. డేటాబేస్ బ్యాకప్ ఎక్కడికి వెళ్తుందో అక్కడికి కీ వెళ్లకూడదు. నాకు తెలిసిన ఒక వ్యాపారి దగ్గర రోజూ సాయంత్రం ప్రోగ్రాం ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని ఇంటికి తీసుకెళ్లేవారు. ఒకరోజు అది బస్సులో పోయింది. టేబుల్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, పాస్‌వర్డ్ ఉన్న ఐఎన్‌ఐ (సెట్టింగుల) ఫైలు అదే ఫోల్డర్‌లో ఉండడంతో రైతులందరి ఖాతా నంబర్లూ బయటికి పోయినట్లే లెక్కించవలసి వచ్చింది.

విండోస్ యంత్రమైతే కీని విండోస్‌లోనే ఉండే డీపీఏపీఐ అనే రక్షణ సదుపాయంతో కట్టి ఉంచడం నేను అనుసరించే పద్ధతి. అది ఆ కంప్యూటర్‌లోని ఆ యూజర్ లాగిన్‌తో ముడిపడి ఉంటుంది కనుక, ఫైలును కాపీ చేసి మరో చోటికి తీసుకెళితే విప్పడానికి పనికిరాదు. అయితే ఆ కంప్యూటర్‌లోకే చొరబడినవారిని ఇది ఆపలేదు. విండోస్‌ను మళ్లీ వేస్తే మీకు కూడా కీ దక్కదు. అందుకే కీ నకలును కాగితం మీద రాసి, కవరుకు సీలు వేసి యజమాని లాకర్‌లో పెట్టిస్తాను. ఒక యాసంగి కొనుగోళ్ల మధ్యలో హార్డ్‌డిస్క్ పాడైనప్పుడు ఆ కవరు విప్పి, పాత బ్యాకప్‌ను కొత్త యంత్రంలో అదే పూట తెరవగలిగాము.

మీరు కొత్త పద్ధతికి మారేటప్పుడు పాత పాస్‌వర్డ్‌ను మళ్లీ వాడవద్దు. అది ఇప్పటికే ప్రోగ్రాం కాపీ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది. కొత్త కీతో టేబుల్‌ను తిరిగి ఎన్‌క్రిప్ట్ చేసి, తెరుచుకుంటుందో లేదో చూసుకున్నాక, పాత బ్యాకప్‌లున్న పెన్‌డ్రైవ్‌లను, డిస్కులను వెతికి చెరిపించండి.