భయం వేసిన పేజీలోనే రాసుకో

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. డిటెక్టివ్ నవలలూ దయ్యాల కథలూ వదలకుండా చదువుతున్నావనీ, తీరా వాటి గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే "చాలా బాగుంది, భయం వేసింది, ముగింపు ఊహించలేదు" దగ్గరే కలం ఆగిపోతోందనీ రాశావు. నీకు రాయడం రాక కాదమ్మా. ఆలస్యంగా రాయడానికి కూర్చుంటున్నావు, అంతే.

మిగతా నవలల గురించి పుస్తకం మూశాక తీరిగ్గా రాసుకున్నా పెద్దగా నష్టం లేదు. రహస్యం మీద నడిచే కథతో అలా కుదరదు. హంతకుడెవరో తెలిసిన మరుక్షణం, అంతవరకూ నువ్వు పడ్డ అనుమానాలన్నీ చెరిగిపోతాయి. "నాకు ముందే తెలుసు" అనో, "అసలు ఊహించనే లేదు" అనో మనసు చటుక్కున తీర్పు చెప్పేస్తుంది. రెండూ పూర్తిగా నిజం కావు. కథ మధ్యలో ఎక్కడో డాక్టరు మీద అనుమానం వచ్చే ఉంటుంది. అతను చనిపోయినవాడి భార్యతో ఒక మంచి మాట అనగానే నువ్వు అతన్ని వదిలేసి ఉంటావు. ఆ అనుమానం రప్పించిందీ పోగొట్టిందీ రచయితే. ఆ పని ఏ వాక్యంతో చేశాడో పట్టుకోగలిగితే నీకు రాయడానికి కావలసినంత దొరుకుతుంది. ముగింపు తెలిశాక ఆ వాక్యం గుర్తుండదు.

అందుకే పక్కన పెన్సిలూ చిన్న కాగితమూ పెట్టుకుని చదువు. పేజీ సంఖ్య, దాని పక్కన ఒక్క వాక్యం. "64: గడియారం వెనకబడిందని వంటమనిషి రెండుసార్లు చెప్పింది. ఎందుకు?" "118: అన్నగారు మరీ మంచివాడిలా కనిపిస్తున్నాడు." ఇంతే చాలు. కథ ఊపులో ఉండగా ఆగి పేరాలు రాస్తూ కూర్చుంటే చదవడం చెడుతుంది.

ఎల్లరీ క్వీన్ అన్న కలం పేరుతో ఇద్దరు కలిసి 1929 నుంచి డిటెక్టివ్ నవలలు రాశారు. వారి తొలి నవలల్లో పరిష్కారం రాబోయే ముందు కథ ఆగిపోతుంది. క్లూలన్నీ మీ ముందున్నాయి, ఇక మీరే తేల్చండి అని పాఠకుణ్ణి నేరుగా సవాలు చేసే పేజీ ఒకటి వస్తుంది. నాకు ఆ పేజీ అంటే ఎంతో గౌరవం. పాఠకుణ్ణి తనతో సమానంగా కూర్చోబెట్టుకున్న రచయిత మర్యాద అది. అన్ని పుస్తకాల్లోనూ అలాంటి పేజీ ఉండదు కాబట్టి నువ్వే పెట్టుకో. డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలోకి పిలుస్తున్నాడనగానే పుస్తకం మూసి ఎవరు, ఎందుకు, ఏ ఆధారంతో అన్న మూడు సంగతులూ రాయి. తర్వాతే తెరువు.

ఊహ తప్పితే చిన్నబుచ్చుకోకు. నువ్వు ఎక్కడ దారి తప్పావో అక్కడే రచయిత పనితనం కనిపిస్తుంది. వెనక్కి తిప్పి చూడు. అసలు క్లూ నీ కళ్ళెదుటే ఉండి, పక్కన పెద్ద గొడవేదో జరుగుతుండటం వల్ల నువ్వు చూడలేదా? అయితే రచయితకు నమస్కారం పెట్టు. ఆ క్లూ చివరి అధ్యాయం దాకా నీకు చూపించనే లేదా? అయితే నీ కోపం న్యాయమైనది. మొహమాటపడకుండా రాయి. 1929లోనే రోనాల్డ్ నాక్స్ అనే ఆయన డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాసిపెట్టాడు. నేరస్థుడు కథలో మొదటి భాగంలోనే పరిచయం కావాలి, డిటెక్టివ్‌కు దొరికిన క్లూ వెంటనే పాఠకుడికీ తెలియాలి, అతీంద్రియ శక్తులు అసలు రాకూడదు అన్నవి వాటిలో కొన్ని. అన్నీ పాటించి తీరాలని నేననను. కొన్నిటిని దాటి గొప్ప కథలు రాసినవారున్నారు. కానీ మోసపోయానన్న బాధ కలిగినప్పుడు ఆ బాధ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి ఆ జాబితా బాగా పనికొస్తుంది.

దయ్యాల కథకు ఈ లెక్కలేవీ సరిపోవు. అక్కడ నువ్వు కనిపెట్టాల్సింది ఏమీ ఉండదు, జరిగేది నీకు జరుగుతుంది. భరతుడి నాట్యశాస్త్రం సాత్త్విక భావాలని ఎనిమిదింటిని చెబుతుంది: కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, గొంతు మారడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీళ్ళు, స్పృహ తప్పడం. భయం గురించి రాసేటప్పుడు దీన్ని మించిన ఆసరా నాకు కనబడలేదు. "భయం వేసింది" అని రాయకు. ముందు నీ శరీరం ఏం చేసిందో రాయి. ఊపిరి బిగబట్టావా? తల తిప్పి గది మూల చూశావా? పేజీ తిప్పడానికి జంకావా? ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దయ్యాల మీద నమ్మకం లేనివాళ్ళకూ ఒళ్ళు జలదరిస్తుంది. నువ్వు రాసేది నీ నమ్మకాల గురించి కాదు కదా.

తర్వాత అది ఏ వాక్యం దగ్గర జరిగిందో చూడు. ఒకావిడ గది తలుపు గడియ వేసుకుని పడుకుందనుకో. రాత్రి ఏమీ జరగదు. తెల్లవారాక ఆమె లేచి జడ వేసుకుంటూ ఉంటుంది. కుర్చీ మంచం వైపు తిరిగి ఉందని రచయిత మామూలుగా ఒక మాట అనేసి, ఆమె కాఫీ తాగడం గురించి చెప్పుకుపోతాడు. నిన్న రాత్రి ఆ కుర్చీ కిటికీ వైపు ఉందని నాలుగు పేజీల వెనక చదివినట్టు నీకు లీలగా గుర్తు. ఆమె గమనించలేదు. నువ్వు గమనించావు. ఆ క్షణంలో గదిలో ఒంటరిగా మిగిలింది నువ్వు. అరుపులూ రక్తమూ ఏమీ లేకుండా ఇంత పని జరిగిందంటే దానికి కారణాలుంటాయి. ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, ఎంత మామూలు గొంతుతో చెప్పాడు, చెప్పాక ఎంత త్వరగా పక్కకు వెళ్ళిపోయాడు అన్నవన్నీ విడదీసి రాయి.

ఇంకో తేడా కూడా పట్టుకోవాలి. భయానకం వేరు, బీభత్సం వేరు. మొదటిదానికి మూలం భయం, రెండోదానికి జుగుప్స. కుళ్ళిన శవాన్ని పేజీల కొద్దీ వర్ణిస్తే కడుపులో తిప్పుతుంది తప్ప రాత్రి దీపం ఆర్పడానికి చెయ్యి వెనకాడదు. చాలామంది రెండింటినీ కలిపేసి "భయంకరంగా ఉంది" అని సరిపెడతారు. నువ్వు అలా సరిపెట్టకు.

నువ్వు ప్రత్యేకంగా అడిగిన సంగతికి వస్తాను. చివరికి దయ్యం లేదనీ అంతా మనుషులు చేసిందేననీ తేలితే నీకు ఉసూరుమంటోందన్నావు. ఈ ఉసూరుమనడం కొత్తదేమీ కాదు. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన ఒక నవలలో కథానాయిక కోటలో నల్లటి ముసుగు ఎత్తి చూసి మూర్ఛపోతుంది. ఆమె ఏం చూసిందో వెంటనే చెప్పరు. దాదాపు పుస్తకం చివరిదాకా ఆ ముసుగు పాఠకుడి మనసులో వేలాడుతూనే ఉంటుంది. వివరణ వచ్చేసరికి, ఇంతేనా అనిపించింది నాకు. అదేమిటో ఇక్కడ చెప్పను, నువ్వే చదువు. నేను చెప్పేది ఒక్కటే. వివరణ తేలిపోయినా, అంతకుముందు నువ్వు పడ్డ భయం అబద్ధం కాదు. దానికి ఇవ్వాల్సిన మార్కులు దానికి ఇవ్వు. ముగింపు మీద అసంతృప్తిని విడిగా రాయి.

ఉందో లేదో ఎప్పటికీ తేలని కథలూ ఉన్నాయి. హెన్రీ జేమ్స్ 1898లో ప్రచురించిన ఒక పెద్దకథలో పిల్లల్ని చూసుకునే అమ్మాయికి చనిపోయినవాళ్ళు కనిపిస్తుంటారు. అవి నిజంగా దయ్యాలు కావు, ఆమె మనసు కల్పించినవేనని 1934లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు వాదించాడు. వాదన ఇప్పటికీ తెగలేదు. ఇలాంటి పుస్తకం చేతికొస్తే తీర్పు కోసం తొందరపడకు. ఒక్కో అధ్యాయం చివర నువ్వు ఏ పక్షాన ఉన్నావో రాసుకో. మూడో అధ్యాయంలో ఆమెను నమ్మి, ఏడో అధ్యాయంలో అనుమానించి, చివర్లో మళ్ళీ నమ్మి ఉంటే, నీ సమీక్షకు ఆ ఊగిసలాటే ప్రాణం.

రాసింది నలుగురికీ చూపించేటప్పుడు మాత్రం ముగింపు దాచు. "చివర్లో పెద్ద మలుపు ఉంది" అన్నా సగం చెప్పేసినట్టే. ఆ మాట విన్నవాడు మలుపు కోసం కాచుకుని కూర్చుంటాడు, కథ చదవడు. కథలో మొదటి మూడోవంతు దాటి ఏదీ చెప్పనని నియమం పెట్టుకుంటే ఇబ్బంది రాదు.

భయం ఎక్కువైతే పుస్తకం మధ్యలో ఆపేయవచ్చా అని కూడా అడిగావు. నిరభ్యంతరంగా ఆపేయి. పొద్దున్నే వెలుతురులో అదే పేజీ మళ్ళీ చదివి, అప్పుడూ భయం వేసిందో లేదో రాసి నాకు పంపు.

ఇట్లు,
మామయ్య