ఐదు కాదు, మూడు చాలు: మోదెనా ప్రయాణం గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఏప్రిల్లో అక్కయ్యా బావగారూ ఇటలీకి, మిలాన్ వస్తున్నారనీ, ఒక రోజు వాళ్లకి ఫెరారీ, లంబోర్గిని కార్ల మ్యూజియాలూ, డుకాటి మోటార్ సైకిళ్ల మ్యూజియమూ చూపించాలనుందనీ రాశావు. సంతోషం. నువ్వు పంపిన ప్లాను కూడా చూశాను. పొద్దున మరనెల్లోలో ఫెరారీ, తర్వాత మోదెనాలో ఇంకో ఫెరారీ మ్యూజియం, దారిలో పగాని కార్ల మ్యూజియం, మధ్యాహ్నం లంబోర్గిని, సాయంత్రం డుకాటి, రాత్రి బండికి మళ్లీ మిలాన్. అది చూడటం అనిపించుకోదురా, హాజరు వేయించుకు రావడం. పటంలో అన్నీ పక్కపక్కనే కనబడతాయి, నిజమే. బొలోన్యా నుంచి మోదెనా నలభై కిలోమీటర్లు, మోదెనా నుంచి మరనెల్లో ఇరవై లోపు. కానీ టైమంతా తినేది దూరం కాదు. పార్కింగు, టికెట్ల దగ్గర నిలబడటం, బాత్రూమ్, కాఫీ, ఫొటోలు, మీ అమ్మ ఎక్కడ కూర్చుందో వెతుక్కోవడం, వీటికే సగం రోజు పోతుంది.

నేను బొలోన్యాలో ప్యాకింగ్ యంత్రాల ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో మన వైపు నుంచి ఎవరొచ్చినా ఈ తిప్పుడంతా నా నెత్తినే పడేది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా: మూడుకి మించి పెట్టుకోకు. ఆ మూడూ ఎవరి కోసమో ముందు తేల్చుకో. నీ కోసమైతే వేరే లెక్క. బావగారి కోసమైతే నా ఓటు డుకాటి, ఫూనోలో లంబోర్గిని కంపెనీ పెట్టిన ఫెర్రూచో లంబోర్గిని పేరు మీదున్న మ్యూజియం, ఆఖరున మరనెల్లో.

ముందు రోజు రాత్రికే బొలోన్యా చేరి అక్కడే పడుకోండి. మిలాన్ నుంచి ఫాస్ట్ రైలెక్కితే గంట పైన కాస్త పడుతుంది. పొద్దున్నే మిలాన్‌లో బయల్దేరితే బావగారు డుకాటి గేటు దగ్గరికే అలిసిపోయి వస్తారు. ఆయన మోకాళ్ల సంగతి నీకు తెలిసిందే. అక్కడ గైడు వెంట నిలబడే తిరగాలి.

డుకాటి ఉన్నది బొలోన్యా శివారు బోర్గో పనిగాలేలో, విమానాశ్రయం దగ్గర్లోనే. ఊళ్లోంచి 13వ నంబరు బస్సు వెళుతుంది. మ్యూజియం ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉంటుంది, అదే దాని అందం. ఫ్యాక్టరీ టూరుకి ముందే బుక్ చేసుకోవాలి. పని జరిగే రోజుల్లోనే తిప్పుతారు, అసెంబ్లీ లైను దగ్గర ఫొటోలు తియ్యనివ్వరు. మ్యూజియం, ఫ్యాక్టరీ రెండూ కలిపి రెండున్నర గంటలు అట్టేపెట్టు. ఇంగ్లిషు గైడు ఉన్న టైమ్ చూసి తీసుకో.

అక్కడ లోపలికి అడుగుపెట్టగానే అందరూ ఎర్ర రేసు బళ్ల వైపు పరిగెడతారు. నువ్వు మాత్రం బావగారిని ముందు చిన్న వస్తువులున్న చోటికి తీసుకెళ్లు. ఈ కంపెనీ మొదలుపెట్టింది మోటార్ సైకిళ్లతో కాదు. 1926లో డుకాటి అన్నదమ్ములు రేడియోల్లో వాడే కండెన్సర్లు చెయ్యడంతో మొదలుపెట్టారు. ఆ తర్వాత రేడియోలు, కెమెరాలు, గడ్డం గీసుకునే కరెంటు రేజర్లు కూడా చేశారు. 1944 అక్టోబరులో బాంబులు పడి ఫ్యాక్టరీ నేలమట్టమైంది. యుద్ధం అయ్యాక జనం చేతిలో డబ్బుల్లేవు, ఉన్నదల్లా సైకిళ్లే. ఆ సైకిలుకే బిగించుకునే 48 సీసీ ఇంజను ‘కూచోలో’ 1946లో ఇక్కడ తయారవడం మొదలైంది. డిజైను వీళ్లది కాదు, టురిన్‌లో ఒకాయన చేసింది. కానీ ఈ కంపెనీని మోటార్ సైకిళ్ల దారి పట్టించింది అదే. ఆ ఇంజను దగ్గర కాసేపు ఆగండి. పెడల్ ఇరుసు చుట్టూ ఎలా కూర్చోబెట్టారో వంగి చూస్తే గానీ తెలియదు.

రెండోది వాల్వుల సంగతి. వాల్వంటే ఇంజన్లోకి గాలీ పెట్రోలూ రానిచ్చే, పొగ పోనిచ్చే చిన్న తలుపు లాంటిది. మామూలు ఇంజన్లో దాన్ని క్యామ్ (ఇరుసు మీద తిరిగే ఉబ్బెత్తు ముక్క) తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. ఇంజను మరీ వేగంగా తిరిగితే స్ప్రింగు ఆ వేగాన్ని అందుకోలేదు, వాల్వు పూర్తిగా మూసుకోకుండానే మళ్లీ తెరుచుకోవలసి వస్తుంది. 1954లో ఈ కంపెనీలో చేరిన ఫాబియో తల్యోని అనే ఇంజనీరు మూసే పని కూడా క్యామ్‌కే అప్పజెప్పాడు. దాన్నే డెస్మో అంటారు. ఆ ఆలోచన అంతకుముందూ ఉంది గానీ, దాన్ని పట్టుకుని వదలకుండా రోడ్డు బండిదాకా తెచ్చినవాడు ఆయనే. 1956లో 125 సీసీ డెస్మో బండి స్వీడన్‌లో దిగిన మొదటి రేసే గెలిచింది. కోసి లోపల చూపించే ఇంజను ఎక్కడైనా పెట్టి ఉంటే గైడుని ఆపి చూపించమను. గైడ్లు మొహమాటపడరు, పైగా అలా అడిగేవాళ్లంటే వాళ్లకి హుషారు. కాస్త ముందుకెళితే 1978లో బ్రిటన్ దగ్గరి మ్యాన్ దీవిలో జరిగిన రేసు గుర్తుగా ఇంగ్లండు రేసర్ మైక్ హెయిల్‌వుడ్ ముచ్చట వస్తుంది. పదకొండేళ్లు ఆ రేసు మొహం చూడకుండా ఉండి, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో వచ్చి డుకాటి మీద గెలిచాడు. తర్వాత 1994 నాటి 916 మోడల్ బండి. సైలెన్సర్లు సీటు కింద, వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి ఒకే పక్క. డిజైనర్ తంబురీని గీసిన ఆ బండి దగ్గర నువ్వే నిలబడిపోతావు, నేను చెప్పక్కర్లేదు.

ఇక ఫూనో. ఇక్కడ చాలామంది బోల్తా కొడతారు, జాగ్రత్త. లంబోర్గిని పేరుతో మ్యూజియాలు రెండున్నాయి. సాంతాగాతా బొలోన్యేజేలో ఉన్నది కార్ల కంపెనీది. అక్కడ మ్యూరా, కౌంటాష్ లాంటి పాత మోడళ్ల దగ్గర్నుంచి ఇవాళ్టి కార్లదాకా ఉంటాయి, కొత్తగా, తళతళలాడుతూ ఉంటుంది. ఫూనో ది అర్జెలాతోలో ఉన్నది ఫెర్రూచో లంబోర్గిని కొడుకు తండ్రి పేరు మీద పెట్టింది. ఫోన్లో ‘లంబోర్గిని మ్యూజియం’ అని కొట్టి ఏది ముందొస్తే దానికి పోకు, ఊరి పేరు కూడా కొట్టు.

బావగారికి ఫూనోనే ఎందుకంటున్నానంటే, అక్కడ ట్రాక్టర్లున్నాయి. ఫెర్రూచో 1916లో రైతు కుటుంబంలో పుట్టాడు. యుద్ధంలో రోడ్స్ దీవిలో సైన్యం బళ్లు బాగుచేశాడు. ఇంటికొచ్చాక సైన్యం వదిలేసిన లారీల్లోంచి, ఇంజన్లలోంచి పనికొచ్చేవి ఏరుకుని ట్రాక్టర్లు కట్టాడు. మొదటి ట్రాక్టరు పేరు కారియోకా. పెట్రోలు మీద స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక చౌక నూనె మీదికి మార్చుకునే ఏర్పాటు దానిది. మన కాలవ గట్ల మీద కిరోసిన్ ఇంజన్లు నడిచినట్టే. మీ తాతగారి దగ్గర అలాంటిది ఒకటుండేది, తెల్లారుజామున తాడు చుట్టి లాగడం బావగారి డ్యూటీ. ఆయనకి ఇక్కడ గైడు అవసరముండదు, ఆయనే నీకు చెబుతారు. వాటి వెనక కార్లు, ఆయన సొంతానికి వాడుకున్న మ్యూరా, హెలికాప్టరు, రేసు పడవ అన్నీ ఒకే షెడ్డు కింద ఉంటాయి. కార్ల కంపెనీ పెట్టింది 1963లో, అప్పటికే ఆయన ట్రాక్టర్లతో బాగా సంపాదించాడు.

ఫెరారీ కారు క్లచ్ పాడైందని ఫెర్రూచో వెళ్లి అడిగితే, ‘నువ్వు ట్రాక్టర్లు నడుపుకో’ అని ఆ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ అన్నాడనీ, ఆ కోపంతో ఈయన కార్లు మొదలెట్టాడనీ ఒక కథ ఉంది. తప్పకుండా వినిపిస్తారు. ఫెర్రూచో స్వయంగా చెప్పుకున్నదే గానీ, నోళ్లు మారిన కొద్దీ దానికి కొమ్ములూ తోకలూ మొలిచాయి. కోపం ఒక్కటే ఉంటే కంపెనీ నడవదు. ఆ కార్లలో లాభముందని ఆ వ్యాపారికి లెక్క తెలుసు. ఫూనోది చిన్న మ్యూజియం, ఎప్పుడు తెరుస్తారో ముందే మెయిల్ రాసి ఖాయం చేసుకో.

మరనెల్లో గురించి నీకు నాకంటే ఎక్కువే తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతా. ఇక్కడా రెండున్నాయి. మోదెనాలో ఎంజో ఫెరారీ పుట్టిన ఇల్లు, దాని పక్కన 2012లో కట్టిన పసుపు రంగు కప్పు భవనం, కారు బానెట్‌లా ఉంటుంది. ఆ పసుపు మోదెనా ఊరి రంగు, ఫెరారీ గుర్తులోని గుర్రం వెనకా అదే ఉంటుంది. మరనెల్లోలో ఉన్నది ఫ్యాక్టరీ పక్కది, రేసు కార్లు, గెలిచిన కప్పులు అక్కడే. రెండింటికీ కలిపి ఒకే టికెట్టు అమ్ముతారు, మధ్యలో బస్సు కూడా తిరుగుతుంది. ఒక్కపూటలో రెండూ వద్దు. 1947 మార్చి 12న మొదటి ఫెరారీ 125 ఎస్ బయటికొచ్చింది మరనెల్లో ఫ్యాక్టరీ గేటులోంచే, కాబట్టి అటే వెళ్లండి. సాయంత్రం నాలుగు దాటాక వెళితే గుంపులు పలచబడతాయి, మూసే వేళ మాత్రం ముందే చూసుకో. ఫ్యాక్టరీ టూరు అని అమ్మేది బస్సులో కూర్చుని కిటికీలోంచి చూడ్డమే, దిగనివ్వరు. మామూలు జనాన్ని లోపలికి పంపరు. ఆ సంగతి తెలిసి కొనుక్కుంటే బాధుండదు.

మ్యూజియం బయట ఫెరారీ పది నిమిషాలు నడపనిస్తామని పిలిచే షాపులు వరసగా ఉంటాయి. నీకు చెయ్యి దురద పుడుతుంది. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి, లేకుండా ఎక్కకు. కారుకి గీత పడితే జేబులోంచి ఎంత కట్టాలో కాగితం మీద చూపించమను, నోటి మాట నమ్మకు. పైగా నడిపేది ఊరి రోడ్డు మీద, స్పీడు కెమెరాల మధ్య. నా మాటంటే, ఆ డబ్బుతో డ్రైవరున్న వ్యాను మాట్లాడుకో. అందరూ సుఖంగా తిరుగుతారు.

నువ్వే కారు అద్దెకి తీసుకుంటే మాత్రం రెండు సంగతులు. బొలోన్యా, మోదెనా పాత ఊళ్లలోకి బయటి కార్లు వెళ్లకూడని వీధులుంటాయి, బోర్డు మీద జెడ్‌టీఎల్ అని రాసి ఉంటుంది. కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది, దాని మీద అద్దె కంపెనీ వడ్డన వేరే. హైవే మీద టోలు గేట్లలో పసుపు రంగు టెలిపాస్ లైన్లోకి దూరకు, అది కారులో టెలిపాస్ పరికరం ఉన్నవాళ్లకే.

తిండి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా హోటళ్లలో వంటిల్లు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే. కాబట్టి డుకాటి నుంచి బయటపడగానే తినేయండి. అక్కయ్య నీచు ముట్టదు కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకో: తోర్తెల్లీని అనే మడత పాస్తాలో పంది మాంసం ఉంటుంది, దాన్ని మాంసం రసంలోనే వడ్డిస్తారు. దానికంటే పెద్దగా ఉండే తోర్తెల్లోని అడుగు, లోపల రికోత్తా అనే మెత్తటి జున్ను, పాలకూర ఉంటాయి. వెన్నలో సేజ్ ఆకు వేసి ఇస్తారు, ఆవిడకి నచ్చుతుంది. ఉబ్బిన పూరీల్లా కనబడే ఞోక్కో ఫ్రిత్తో తరచుగా పంది కొవ్వులో వేయిస్తారు, అడక్కుండా ముట్టనివ్వకు. పార్మిజానో జున్నుకి పాలని దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. అది ఆవిడకి ముందే చెప్పు, తినడం మానడం ఆవిడ ఇష్టం. ఎందుకైనా మంచిది, ఒక డబ్బాలో పులిహోర కలిపి పట్టుకెళ్లు.

రెండో రోజు దొరికితే పగాని, సాంతాగాతా కాదు, మోదెనా దగ్గర పానీని వాళ్ల పొలానికి వెళ్లు. ఫుట్‌బాల్ స్టిక్కర్ల పానీని కుటుంబమే. అక్కడ జున్ను తయారుచేస్తారు, పక్క షెడ్డులో పాత మసెరాటి కార్లుంటాయి. 1996లో మసెరాటి పాత కార్ల సేకరణ వేలానికి పోబోతుంటే ఉంబెర్తో పానీని కొని ఊళ్లోనే ఉంచేశాడు. 1958లో ఐస్‌క్రీమ్ కంపెనీ పేరు రాసుకుని మోంజా రేసు ట్రాక్ మీద పరిగెత్తిన ఎల్దొరాదో కారు అందులో ఉంది. ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి.

తేదీ గురించి ఒక్క మాట. ఏప్రిల్ 25, మే 1 అక్కడ జాతీయ సెలవులు, ఈస్టర్ సోమవారం కూడా. ఆ రోజుల్లో, ఆదివారాల్లో ఫ్యాక్టరీ టూరు మీద ఆశ పెట్టుకోకు. పని రోజుల్లో మ్యూజియం తెరిచి ఉండే రోజు చూడు. రైల్వే వాళ్ల సమ్మె ఉందేమో కూడా చూసుకో, ముందే ప్రకటిస్తారు, ఎక్కువగా శుక్రవారాలే పెడతారు. ముందు డుకాటి స్లాటు బుక్ చేసి, ఆ టైమ్ బట్టి ఫూనో, మరనెల్లో సర్దు. బుక్ చెయ్యబోయే ముందు తేదీ నాకు పంపు, బొలోన్యాలో డ్రైవరు నంబరొకటి ఉంది, ఖాళీగా ఉన్నాడేమో అడుగుతాను.

మామయ్య