సోలార్ కుక్కర్ కట్టెల పొయ్యిని మాన్పిస్తుందా?

పెట్టెలా ఉండే సోలార్ కుక్కర్ పల్లెల్లో కట్టెల పొయ్యికి ప్రత్యామ్నాయం అవుతుందా, ఎవరైనా వాడి చూశారా అని అడిగారు. కళ్యాణదుర్గం దగ్గర మా అత్తగారి ఊళ్లో ఒక ఎండాకాలం అంతా వాడాం. మధ్యాహ్నం వంటకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. పొయ్యిని మాత్రం పూర్తిగా మాన్పించదు. ఎండాకాలంలో అయితే ఎండ చాలక కాదు, మన తిండి దానికి కుదరక.

మా అత్త పొద్దున్నే ఉపాధి పనికి పోతుంది. అందుకే ఆమె పోయేముందే, పదిగంటలకు ఎండ ఎటు వస్తుందో అటు తిప్పి, పెట్టెను మిద్దె మీద పెట్టేవాళ్లం. ఒక నల్లగిన్నెలో నానబెట్టిన కందిబేడలు, టమాటా, పచ్చిమిర్చి. ఇంకోదాంట్లో బియ్యం. ఆవిరి బయటికి పెద్దగా పోదు కాబట్టి ఎసరు కాస్త తగ్గించాలి. ఆమె పనికి పోని రోజున మాటిమాటికీ మూత తెరిచి చూసేది. తెరిచిన ప్రతిసారీ లోపలి వేడి పోతుంది, వంట వెనకబడుతుంది. తాళం వేసి పోయిన రోజే వంట బాగా కుదిరేది. మధ్యాహ్నం వచ్చి మూత ఎత్తితే అద్దానికి లోపలివైపు నీటిబొట్లు, గుప్పున పప్పు వాసన. ఒక బేడను వేళ్ల మధ్య నొక్కి చూసింది, మెత్తగా నలిగిపోయింది. అన్నం అడుగంటలేదు. "బాగానే ఉడికింది పాపా, మరి తిరగమోత?" అంది.

అసలు సంగతి అదే. పెట్టెలో వేడి 100 డిగ్రీలు దాటి ఓ ఇరవై పైకి పోతుందేమో. పప్పు ఉడకడానికి అది చాలు, నూనెలో ఆవాలు చిటపటలాడటానికి చాలదు. రొట్టె కాలదు. సంగటి గెలకాలంటే మంట కావాలి, పైగా మేం సంగటి తినేది రాత్రిపూట.

తిరుమలలో వేలమందికి ఎండతో వండారు కదా, మన ఇంట్లో ఎందుకు కాదంటారు కొందరు. 2002లో అక్కడ పెట్టినవి 106 పెద్ద డిష్‌లు. అవి ఎండను ఒకచోటికి మళ్లించి ఆవిరి పుట్టించేవి, వంట ఆ ఆవిరితో. ఈ పెట్టె చేసేది లోపలికి వచ్చిన వేడిని పోకుండా పట్టి ఉంచడం మాత్రమే. రెండింటికీ పోలిక పెట్టకూడదు.

నాకు ఒళ్లుమండేది ఈ కుక్కర్లను పరీక్షించే తీరు చూస్తేనే. మిట్టమధ్యాహ్నం వస్తారు, గిన్నెడు నీళ్లు పెడతారు, థర్మామీటర్ చూసుకుని ఫొటో దిగి పోతారు. ఆ ఇంట్లో ఎన్ని కట్టెలు మిగిలాయో అడగరు. మా ఇంట్లో వారానికి అయిపోయే సర్కారుతుమ్మ మోపు రెండోవారంలోకి నడిచింది. ముళ్లకంప కొట్టి నెత్తిన మోసుకొచ్చే ఆడమనిషికి అది చాలా పెద్ద లెక్క. ఆషాఢం గాలులు, మబ్బులు మొదలయ్యాక ఎలా ఉంటుందో కూడా ఎవరూ వచ్చి చూడరు. మాకు ఆ రోజుల్లో పూర్తిగా పొయ్యే దిక్కు.

కొనేటట్టయితే మూత చుట్టూ ఉండే రబ్బరు విడిగా దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి. పక్కవాళ్లకు సబ్సిడీలో వచ్చిన కుక్కర్‌కు మొదట పోయింది ఆ రబ్బరే. అది ఎక్కడా దొరక్క, మంచి పెట్టె ఇప్పుడు వాళ్లింట్లో శనక్కాయల డబ్బా అయింది.