యాప్ చేయించకముందే ఐడియాను పరీక్షించడం ఎలా?

యాప్‌కి లక్షలు పెట్టేముందే ఐడియా నడుస్తుందో లేదో తెలుసుకోవచ్చా అంటే, తప్పకుండా తెలుసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ సంగతే చూడండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామకు ఈ ఆలోచన వచ్చింది. స్నేహితులతో కలిసి ముందు ట్రావెల్స్ వాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. వాళ్లు పట్టించుకోలేదు. అప్పుడు "కొన్ని సీట్లివ్వండి, మేమే అమ్మిపెడతాం" అని అడిగి, 2006లో ఆన్‌లైన్‌లో అమ్మి చూపించారు.

నా దృష్టిలో ముక్కూమొహం తెలియనివాళ్లు డబ్బు కట్టి కొనడమే అసలు పరీక్ష. "ఐడియా బాగుంది" అన్న చుట్టాల మాట లెక్కలోకి రాదు. పెట్టుబడిదారులకు ఐడియా వివరించే పిచ్‌లో కూడా ముందు ఆ అమ్మకాలే చెప్పండి, మార్కెట్ ఎన్ని కోట్లన్నది తర్వాత. మీది వస్తువైతే, నమూనా తయారీకి హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే తెలంగాణ ప్రభుత్వ కేంద్రం ఉంది.