కొలెస్ట్రాల్ గోలీ పడటం లేదన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

తొడలు, పిక్కలు గుంజుతున్నాయని నెల కింద కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీ మానేశావట, మీ అమ్మ చెప్పింది. నల్లగొండలో ఇన్నేళ్లు మందుల షాపు నడిపాను. "ఆ కొలెస్ట్రాల్ గోలీ ఒక్కటి తీసేసి మిగతావి ఇయ్యి సేటూ" అనేవాళ్లు నాకు కొత్త కాదు. కానీ నువ్వు నిరుడే స్టెంట్ వేయించుకున్నవాడివి. గోలీ పడకపోతే వేరే మందు ఉంది. ఏ మందూ లేకుండా ఉండటం మాత్రం నీకు కుదరదు.

ముందు ఆ నొప్పి గోలీదేనా అన్నది తేల్చుకో. చిన్నప్పుడు మర్రిగూడలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగావు. ఆ నీళ్ల నొప్పి ఎక్కువగా నడుం, మెడ, కీళ్లలో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండువైపులా, పెద్ద కండరాల్లో వస్తుంది. గోలీ మొదలుపెట్టిన కొన్ని వారాల్లో మొదలై, మానేస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది. నీకు తగ్గిందా, లేదా? డాక్టరు మొదట అడిగేది ఇదే. సీకే (కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే రక్త పరీక్ష), థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించమని అడుగు. థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కండరాలూ నొస్తాయి. ఎప్పుడైనా మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి పో.

ఇంకోమాట, కోపం తెచ్చుకోకు. లండన్‌లో స్టాటిన్ పడక మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు గోలీ, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి గోలీ ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. అసలు గోలీతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి గోలీతోనూ వచ్చింది. నొప్పి అబద్ధమని కాదు, భయం కూడా నొప్పి పుట్టిస్తుందని. అందుకే డాక్టర్లు ఇంకో స్టాటిన్, తక్కువ డోసు, లేదంటే రోసువాస్టాటిన్ రోజు విడిచి రోజు ఇచ్చి చూస్తారు. ఒప్పుకో. నీకు పడే కాస్త స్టాటిన్ అయినా వదులుకోవద్దని నా అభిప్రాయం.

అదీ పడకపోతే ఎజెటిమైబ్ అనే గోలీ ఉంది. రోజుకు 10 మిల్లీగ్రాములు, ధర అందుబాటులోనే ఉంటుంది. పేగుల్లో కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా ఆపుతుంది. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఐదో వంతు దాకా తగ్గుతుంది. స్టెంట్ ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 70 లోపు, కొందరికి ఇంకా కిందికి ఉండాలంటారు కాబట్టి ఇదొక్కటే తరచూ సరిపోదు.

దానికి తోడు బెంపెడోయిక్ ఆసిడ్ అనే గోలీ 180 మిల్లీగ్రాములు రాస్తారు. ఇదీ స్టాటిన్‌లాగా కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీనే ఆపుతుంది. కానీ దీన్ని పనిచేసేలా మార్చే ఎంజైమ్ కాలేయంలో ఉంటుంది, కండరాల్లో ఉండదు. అందుకే కండరాల బాధ తక్కువ. స్టాటిన్ పడనివాళ్లు సుమారు 14 వేల మందిపై చేసి 2023లో ప్రకటించిన అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పులు 13 శాతం తగ్గాయి. అయితే ఇది రక్తంలో యూరిక్ ఆసిడ్ పెంచుతుంది, అది ఎక్కువైతే గౌట్ అనే కీళ్లనొప్పి వస్తుంది. మీ నాన్న గౌట్‌తో కాలు నేల మీద పెట్టలేకపోయిన రోజులు గుర్తున్నాయి కదా, ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు.

వీటితోనూ దిగకపోతే ఇంజెక్షన్లు. ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ సాధారణంగా రెండు వారాలకోసారి పొట్ట దగ్గర చర్మం కింద తీసుకోవాలి. ఎల్‌డీఎల్‌ను సగానికి పైగా దించుతాయి. ఇంక్లిసిరాన్ అయితే మొదటి రెండు డోసుల తర్వాత ఆరు నెలలకోసారి చాలు. ఖర్చు మాత్రం మనలాంటి ఇళ్లకు బరువే. ముందే నెలకు ఎంత పడుతుందో లెక్క అడుగు, మధ్యలో ఆపేస్తే ఎల్‌డీఎల్ మళ్లీ ఎక్కుతుంది.

ఎవరో రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్ చెప్పారట. వద్దు. అందులో ఉండేది లోవాస్టాటిన్ అనే స్టాటినే, ఎంత ఉందో డబ్బా మీద కూడా తెలియదు. ఫెనోఫైబ్రేట్ అనే మందు ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని ఇంకో రకం కొవ్వుకు, స్టాటిన్‌కు బదులు కాదు.

ఈ వారమే గుండె డాక్టరు దగ్గరికి పో. పాత చీటీలు, మిగిలిన స్ట్రిప్పులు, వేసుకుంటున్న ఆయుర్వేదం మందులు అన్నీ ఒక కవరులో వేసుకుని వెళ్లు. మందు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు లిపిడ్ (కొలెస్ట్రాల్) పరీక్ష చేయించి రిపోర్టు ఫొటో నాకు పంపు. ఆస్పిరిన్ మాత్రం ఆపకు.

మీ మామ